బొంత కమిటీ జమా ఖర్చులు, రూపాయి రూపాయి లెక్క

అందరికీ నమస్తే. డ్యాంలో మునిగిన ఊళ్లు, కూలికి పోయే మిరప చేలు పాత చీరల బొంత మీద ఆడోళ్లతో కుట్టిచ్చి, మే నెలలో కర్నూల్లో పెట్టిన బొంత ప్రోగ్రాం లెక్క ఇంకెప్పుడు చెప్తారు అని గ్రూపులో ఇద్దరు ముగ్గురు అడిగినారు, లేటయింది నిజమే, తప్పు మాదే. రసీదు పుస్తకంలో రెండు చీటీలు కనపడలేదు, అవి దొరికేదాకా ఒక్క అక్షరం రాయొద్దని ట్రెజరర్ అక్క పట్టుబట్టింది. దొరికినాయిలే, టిఫిన్ క్యారియర్ సంచిలో.

ముందు జమ. రసీదుల మీద 63 మంది ఇచ్చింది 21,450. ఫోన్‌పేలో 14,200, అందులో సగం పైన బెంగళూరు అపార్టుమెంట్లలో పని చేసుకునే మన ఆడోళ్లు వందా రెండొందలు వేసినవే. హాల్లో పెట్టిన డబ్బాలో 3,370. మిగిలిన పీలికలతో కుట్టిన దిండు గలీబులు అమ్మితే 4,800. మొత్తం 43,820.

ఇంక ఖర్చు. అన్నిటికన్నా పెద్దది కూలి, 18,000. 12 మందికి 5 రోజులు, రోజుకి 300. దీని మీదే ఎక్కువ మాటలొచ్చినాయి, కళకి కూలేంది, ఇష్టంగా కుట్టుకుంటారు కదా అని. అయ్యా, ఆ 12 మందిలో 7 మంది శ్రీశైలం డ్యాం ముంపు ఊళ్ల నుంచి లేచొచ్చిన ఇండ్లోళ్లు, 5 మంది కోసిగి పక్క నుంచి ప్రతి ఏడూ గుంటూరుకి సుగ్గికి, అంటే వలస కూలికి, పోయి మిరపకాయలు కోసొచ్చేవాళ్లు, ఒక పూట పని పోతే ఆ పూట పొయ్యి మీద ఏం పెట్టాలో ఆలోచించుకునేవాళ్లు. డ్యాం కోసం రూపాల సంగమేశ్వరం గుడిని విప్పి తెచ్చి జగన్నాథగట్టు మీద మళ్లీ కట్టినారు, మంచిదే. మనుషులేమో వాసాలు, తలుపులు ఎవురివి వాళ్లే పీక్కొని బండ్ల మీద తెచ్చుకున్నారు, ఇంటికొక ఉద్యోగం అని 98 జీవో 1986లో వచ్చింది, దానికోసం ఇంకా తిరుగుతున్న ఇండ్లున్నాయి. వాళ్లతో మళ్లీ ఊరికే పని చేయించుకోడం మాకు మనసొప్పలేదు. డ్రాయింగ్ టీచర్లు ఇద్దరు మాత్రం ఏమీ తీసుకోలేదు, ఆ 12 మంది లెక్కలో వాళ్లు లేరు.

గుడ్డ, దారాలు, లావు సూదులు కలిపి 4,660. పాత చీరలు 46 ఊరికే వచ్చినాయి, కొన్నది అడుగు గుడ్డే. దారం ఎందుకంత అంటే రెండు కారణాలు. ఒకటి, సుగ్గి వాళ్లు మిరప చేను కుడతా ఎర్రదారం అంతా అవగొట్టినారు. ఇంకొకటి, టీచరమ్మ గీసిచ్చిన గీత మీద బావిని ఇంటి పక్కనే కుట్టినాం, మూడో రోజు ఒక పెద్దమ్మ చూసి, ఇంత దగ్గర యాడుండెమ్మా, నీళ్లు మోసి మోసి నా నడుము పోయింది, అని సూది మొనతో కుట్టంతా పీకేసింది. మూర దూరం జరిపి మళ్లీ కుట్టింది, అరపూట పట్టింది, ఆ అరపూటకీ కూలి ఇచ్చినాం. ఆమె మనవరాలు కాలేజీ పిల్ల, నీ ఊరు ఏది అంటే కొత్తూరి పేరు చెప్తుంది, బావి చూడనే లేదు, కానీ ఆ మూర దూరం మీద ముగ్గు చుక్కలు పెట్టింది ఆ పిల్లే.

టెంపో 4,500. నీళ్లు దిగి సంగమేశ్వరం గుడి (విప్పి తెచ్చింది కాదు, ఆడనే నీళ్లలో ఉండిపోయిన ఇంకో గుడి) బయటపడిన రోజుల్లో అందరం పోయి చూసొచ్చినాం, ఇది పిక్నిక్ అన్నవాళ్లున్నారు, అనుకోండి. డ్యాం నిండితే 885 అడుగులు, అప్పుడు ఆ గుడీ కనపడదు, ఇంక మన బావి యాడ.

భోజనాలు, టీలు, గ్యాసు 6,750. హాలు 3,000. షామియానా, కుర్చీలు 2,600, ఆయన 40 కుర్చీలు అని 31 పంపినాడు, అడిగితే రేపు రేపు అంటా ప్రోగ్రామే అయిపోయింది, తొమ్మిది కుర్చీల డబ్బులు ఇంకా రాలేదు. వెదురు బొంగులు, తాళ్లు 1,150. ఫొటోలు 1,500. ఫ్లెక్సీ 900, దీంట్లో 450 దండగ. మొదటిసారి "ముంపు ఊళ్లు" అని ఇస్తే "ముప్పు ఊళ్లు" అని కొట్టుకొచ్చినాడు. తప్పేం కాదులే అట్లే కట్టండి అని ఆ పెద్దమ్మే అనింది, మేమే వినలేదు.

మొత్తం ఖర్చు 43,060. మిగులు 760.

బిల్లులన్నీ నోటుబుక్కులో అంటించినాం, ట్రెజరర్ అక్క ఇంట్లో ఉంది, ఎవురన్నా పోయి చూసుకోవచ్చు, పోయేముందు ఫోన్ చేయండి, మధ్యాహ్నం ఆమె పండుకుంటుంది. బొంత కూడా ఆడనే, బీరువాలో. నిన్న 80 పెట్టి కలరా ఉండలు తెచ్చి మడతల మధ్య వేసినాం, అది పై లెక్కలో లేదు. అంటే ఈ రోజుకి చేతిలో ఉండేది 680.