నా పాకెట్ మార్చి కుట్టినవారికి, అంతవరకు ఓపిక పట్టినవారికి

వరలక్ష్మీ వ్రతానికి ఇవ్వవలసిన జాకెట్లు 34 నా దగ్గరే ఉండిపోయాయి. బ్రాడీపేటలో 22 ఏళ్లుగా కుడుతున్నాను, పండుగ దాటాక బట్టలిచ్చిన సందర్భం ఒక్కటీ లేదు. ఈసారి మాత్రం ఒక్కరు కూడా పల్లెత్తు మాట అనలేదు. పైగా ఇద్దరు పాత జాకెట్లు తొడుక్కునే పేరంటం చేసుకుని, వాయనం శనగలు తెచ్చి నా మంచం పక్కన పెట్టి వెళ్లారు. నా మొదటి నమస్కారం మీకే.

సంగతి సగం సగం విన్నవారు చాలామంది ఉన్నారు. గుండె ఆపరేషన్ మళ్లీ చేశారట అని ఒకరు, లోపలి మిషను పాడైందట అని మరొకరు. రెండూ నిజం కాదు. గుండెను ఎవరూ కోయలేదు, మిషను దివ్యంగా ఉంది. ఆ మిషను పేరు పేస్‌మేకర్, గుండెను సరిగా కొట్టుకునేలా నడిపిస్తుంది. అది కూర్చున్న చోటు మార్చారు, అంతే.

ఏడాదిన్నర క్రితం నాకు ఉన్నట్టుండి కళ్లు తిరిగి పడిపోవడం మొదలైంది. గుండె పై గదుల్లో పుట్టిన సంకేతం కింది గదులకు సరిగా అందడం లేదని చెప్పి, ఎడమ వైపు కాలర్ ఎముక కింద పేస్‌మేకర్ పెట్టారు. చిన్న అగ్గిపెట్టె అంత ఉంటుంది. దాని నుంచి సన్నని తీగలు రక్తనాళం గుండా గుండెలోకి వెళతాయి. పెట్టె మాత్రం చర్మం కింద చేసిన సంచిలో ఉంటుంది. ఆ సంచిని డాక్టర్లు ‘పాకెట్’ అంటారు. ఆ మాట వినగానే నాకు సగం భయం పోయింది. పాకెట్ల సంగతి నాకు ఒకరు చెప్పాలా!

చెప్పాలి. ఎందుకంటే ఆ పాకెట్ చెడగొట్టుకున్నది నేనే. నాది బక్క శరీరం, ఎముకకూ చర్మానికీ మధ్య పెద్దగా కండ లేదు. ఊరికే కూర్చుంటే వేలు ఆ పెట్టె మీదికి పోయేది. ఊడబోయే గుండీని తిప్పినట్టు అటూ ఇటూ తిప్పేదాన్ని. ఇలా తిప్పేవారి గురించి వైద్యులు 1968లోనే రాశారని, దీనికి ట్విడ్లర్ సిండ్రోమ్ అని పేరు కూడా ఉందని డాక్టరు గారు చెబితే సిగ్గుపడ్డాను. ఎక్స్‌రే చూపించారు. పెట్టె చంక వైపు జారి, తన చుట్టూ తాను తిరిగింది. తీగ దానికి చుట్టుకుంది, అచ్చం బాబిన్‌కు దారం చుట్టుకున్నట్టు. ఇంకొన్ని చుట్లు పడి ఉంటే తీగ కొస గుండె గోడ నుంచి ఊడి వచ్చేదట. మరోవైపు పెట్టె అంచు ఒరుసుకుని పైచర్మం వాయిల్ గుడ్డలా పలచబడింది. అది చిట్లితే సూక్ష్మక్రిములు తీగ వెంట గుండె దాకా పోతాయి, అప్పుడు పెట్టెనూ తీగలనూ మొత్తం తీసేయాలి. అందుకే వాయిదా వేయవద్దన్నారు.

ఆ వారం రోజులూ ఇంటికి వచ్చినవారందరూ ఒకటే మాట: “ఏమీ కాదులే.” ప్రేమతో అన్నదే, కాదనను. కానీ ఆ మాట విన్న కొద్దీ నాకు గుబులు పెరిగింది. ఏమీ కాకపోతే అంతసేపు థియేటర్లో ఏం చేస్తారు? ఏమవుతుందో చెప్పినవారు ఇద్దరే.

మొదటివారు మా వెనక లైనులో ఉండే సిస్టరమ్మ గారు. నర్సుగా రిటైరయ్యారు. సాయంత్రం వచ్చి కాఫీ తాగుతూ వరసగా చెప్పారు. “ముందురోజు రాత్రి నుంచి ఏమీ తిననివ్వరు. రక్తం పలచబడే మాత్ర ఏదైనా వేసుకుంటున్నావేమో ముందే చెప్పు, నీ అంతట నువ్వు మాత్రం ఆపకు. పూర్తిగా మత్తు ఇవ్వకపోవచ్చు, కోసే చోట తిమ్మిరి సూదులు వేస్తారు. ఆ సూదులే మంట. తరువాత నొప్పి ఉండదు గానీ లాగుతున్నట్టు, అదుముతున్నట్టు తెలుస్తుంది. ముఖం మీద గుడ్డ కప్పుతారు. కాలిన వాసన వస్తే కంగారుపడకు, రక్తం ఆగడానికి కరెంటుతో కాలుస్తారు.” అమ్మా, మీరు చెప్పిన వరస తప్పకుండా జరిగింది. కాలిన వాసన వచ్చినప్పుడు మీ కాఫీ గ్లాసు గుర్తొచ్చి నాలో నేను నవ్వుకున్నాను.

రెండోవారు పేస్‌మేకర్ పరీక్ష చేసే కుర్రాడు. చర్మం మీద ఒక చిన్న పరికరం పెట్టి, లోపలి పెట్టె లెక్కలన్నీ తెర మీద చూస్తాడు. నాకున్న అసలు భయం అతనికే చెప్పుకున్నాను: పెట్టెను తీగ నుంచి విప్పితే గుండె ఆగిపోదా బాబూ? అతను నవ్వలేదు. నా గుండె సొంతంగా ఎంత కొట్టుకోగలదో పరీక్షించి, నిమిషానికి 40 సార్లు ఉందని చూపించాడు. సొంత దెబ్బ బొత్తిగా లేనివారికి కాలి రక్తనాళం గుండా తాత్కాలిక తీగ వేసి నడిపిస్తారని, నాకు కూడా అది సిద్ధంగా పెట్టుకుంటారని చెప్పాడు. ఆ రాత్రి నిద్రపట్టింది.

ఆపరేషన్ గంటంబావు పట్టింది. పాత కుట్టు మీదే కోశారు. పెట్టె చుట్టూ శరీరం అల్లుకున్న గట్టి పొరను విడదీసి, తీగ చుట్లు విప్పి, తీగ కొస కదలలేదని పరీక్షించుకుని, ఈసారి పెట్టెను ఛాతీ కండరం కింద కొత్త పాకెట్‌లో పెట్టారు. మళ్లీ తిరగకుండా కండరానికి కుట్టు కూడా వేశారు. “టాకా వేశారా, మిషను కుట్టా?” అని మత్తులో అడిగానట. డాక్టరు గారు గట్టి కుట్టే అన్నారట.

తరువాతి రోజులు మాత్రం మొదటిసారికన్నా కష్టం. కండరం కింద పెట్టారు కాబట్టి మూడు నాలుగు రోజులు బాగా నొప్పి. రొమ్ము వరకు కమిలి నల్లబడి, ఆపైన పసుపుపచ్చగా మారి పోయింది. ఇది ముందే తెలియకపోతే హడలిపోయేదాన్ని. మర్నాడు ఎక్స్‌రే తీసి ఊపిరితిత్తికి, తీగకు ఇబ్బంది లేదని చూసి ఇంటికి పంపారు. జ్వరం, వాపు, చీము, ఎరుపు ఏది కనిపించినా వెంటనే రమ్మన్నారు. రెండోసారి తెరిచిన చోట ఇన్ఫెక్షన్ భయం ఎక్కువట. ఎడమ చెయ్యి ఆరు వారాలు భుజం కన్నా పైకి ఎత్తవద్దు, బరువు మోయవద్దు. అలాగని కట్టేసినట్టు ఉంచితే భుజం బిగుసుకుపోతుంది, కాబట్టి కింద కింద ఆడిస్తూ ఉండాలి.

ఇందులో నా సొంత తెలివి ఒకటి ఉంది. ఆపరేషన్‌కు ముందే నాలుగు జాకెట్లకు ఎడమ చంక అంగుళంన్నర వదులు చేసి పెట్టుకున్నాను. చెయ్యి ఎత్తకుండా తొడుక్కోవచ్చు, అంచు గాయానికి ఒరుసుకోదు. ఇలాంటి ఆపరేషన్ చేయించుకునే ఆడవారు ఎవరైనా ఉంటే పాత జాకెట్ పంపండి, వదులు చేసి ఇస్తాను. డబ్బు తీసుకోను.

మా దగ్గర పని నేర్చుకునే అమ్మాయికి కూడా చెప్పుకోవాలి. ఆరు వారాలు కొట్టు తాళం తనే తీసింది, తనే వేసింది. 19 జాకెట్లు తనే పూర్తి చేసింది, హుక్కులతో సహా. కింద పడ్డ గుండుసూదులు ఏరుకునే అయస్కాంతం తనకే ఇచ్చేశాను. పేస్‌మేకర్‌కు దగ్గరగా పెడితే దాని నడక మారిపోతుందట, ఇన్నాళ్లూ దాన్ని జాకెట్‌కు తగిలించుకుని తిరిగాను! ఫోను కూడా ఇప్పుడు కుడి చెవికే, పెట్టెకు కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో.

కొత్తపేట దాకా నన్ను ఎక్కించుకుని, ప్రతి గుంత దగ్గరా “అక్కా, జాగ్రత్త” అంటూ నత్తలా నడిపిన ఆటో తమ్ముడికి, వంటింట్లోకి నన్ను రానివ్వని కోడలికి, కుట్లు తీసేటప్పుడు చెయ్యి పట్టుకున్న నర్సమ్మకు, డాక్టరు గారికి నమస్కారాలు.

సోమవారం నుంచి మిషను ఎక్కాను. ఇంకా రెండు జాకెట్లు మిగిలాయి: ఆకుపచ్చ మీద బంగారు అంచుది, పొట్టిచేతుల వంకాయరంగుది. ఇస్త్రీ చేసి పెట్టాను. ఉదయం పది తరువాత వచ్చి తీసుకెళ్లండి.