అంబాసిడర్లకు సూపర్‌చార్జర్ పని ఎందుకు ఆగిందంటే

మా ఖాతాదారులందరికీ నమస్కారం.

జిమ్నీలో వచ్చే సుజుకి కె15బి ఇంజన్‌ను అంబాసిడర్‌లో కూర్చి, దానికి సూపర్‌చార్జర్ (ఇంజన్ బెల్టుతో తిరుగుతూ ఇంజన్‌లోకి ఎక్కువ గాలిని నెట్టే పరికరం) అమర్చే పని నెల్లూరు ఆటోనగర్‌లోని మా షెడ్డులో, చెన్నై నుండి తెప్పించిన సూపర్‌చార్జర్ పాడైనదని తేలడంతో, ప్రస్తుతం నిలిచిపోయింది. ఉగాదికి అందవలసిన బండ్లు అప్పటికి అందవు. అడ్వాన్సు ఇచ్చి ఎదురు చూస్తున్నవారికి ఈ సంగతి ఎవరి నోటి మీదుగానో కాక, మా నుండే తెలియాలని ఇది రాస్తున్నాను.

ఏ రకం సూపర్‌చార్జర్ అన్న ప్రశ్న నన్ను చాలా కాలం నిద్రపోనివ్వలేదు. మీలో పలువురు సెంట్రిఫ్యూగల్ రకమే, అంటే ఫ్యాను లాంటి చక్రంతో గాలిని విసిరేదే, పెట్టమన్నారు. అది గాలిని తక్కువగా వేడెక్కిస్తుంది, ఆల్టర్నేటర్ పక్కన చిన్న చోటులో ఇమిడిపోతుంది కాబట్టి మొదట నా మనసు కూడా అటే మొగ్గింది. అయితే దానిలో గాలి పీడనం దాదాపుగా వేగం యొక్క వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. అంటే 6000 ఆర్‌పీఎమ్ (నిమిషానికి చుట్లు) వద్ద 6 పీఎస్‌ఐ (పీడనపు కొలత) ఇచ్చే యూనిట్, 3000 వద్ద ఒకటిన్నర మాత్రమే ఇస్తుంది. ట్రంకు రోడ్డులోనూ మినీ బైపాస్ మీదా అంబాసిడర్ నడిపేవారు ఆ ఇంజన్‌ను 6000 దాకా ఎప్పుడు లాగుతారు? ఒకవేళ లాగినా, వెనుక సీటులో కూర్చున్న పెద్దవారు ఊరుకోరు. జిమ్నీలో ఈ ఇంజన్ పూర్తి టార్క్ (చక్రాన్ని తిప్పే బలం) ఇచ్చేది 4000 దగ్గర. అంత బరువున్న బండికి సాయం కావలసింది అంతకు దిగువనే. అందుకని రెండు రోటర్లు (రెక్కలున్న కడ్డీలు) ఎదురెదురుగా తిరుగుతూ కింది వేగం నుండే గాలి నెట్టే రూట్స్ రకాన్ని, అందులోనూ 2002 నుండి 2006 వరకు మినీ కూపర్ ఎస్‌లో వచ్చిన ఈటన్ ఎం45ను ఎంచుకున్నాను.

లెక్క కూడా దానికే అనుకూలంగా ఉంది. ఎం45 ఒక్క చుట్టుకు 45 ఘనపు అంగుళాల గాలిని, అంటే సుమారు 737 సీసీలను నెడుతుంది. మన 1462 సీసీ ఇంజన్ నాలుగు స్ట్రోకులది, రెండు చుట్లకు ఒకసారి గాలి పీలుస్తుంది కనుక ఒక్క చుట్టుకు పీల్చేది 731 సీసీలే. పుల్లీల నిష్పత్తి ఒకటిన్నర ఉంచితే, అంటే ఇంజన్ ఒక చుట్టుకు సూపర్‌చార్జర్ ఒకటిన్నర చుట్లు తిరిగితే, కాగితం మీద ఒకటిన్నర రెట్ల గాలి వస్తుంది, వెనక్కి కారిపోయేది అందులో తీసివేయాలి. ఇంజన్ 6000 ఆర్‌పీఎమ్ తిరిగినా సూపర్‌చార్జర్ 9000 దగ్గరే ఉంటుంది. రూట్స్ రకం గాలిని తన లోపల కుదించదు, మేనిఫోల్డులోకి (సిలిండర్లకు గాలి తీసుకెళ్ళే గొట్టాలలోకి) తోసి అక్కడ బిగిస్తుంది. కాబట్టి వేడి ఎక్కువ పుడుతుంది. ఇంజన్ కంప్రెషన్ ఇప్పటికే పదికి ఒకటి చొప్పున ఉండగా, రోహిణి కార్తెలో నెల్లూరు ఎండకు ఆ వేడి తోడైతే నాకింగ్ (పెట్రోలు వేళకాని వేళ మండి ఇంజన్‌ను కొట్టడం) తప్పదు. ఆ గాలిని నీటితో చల్లబరిచే ఇంటర్‌కూలర్, నాకింగ్‌ను బాగా తట్టుకునే 95 ఆక్టేన్ పెట్రోలు లేకుండా మేము బండి ఇవ్వము. పీడనం 5 పీఎస్‌ఐ దాటనివ్వము. ఎనిమిది పీఎస్‌ఐ కావాలని పట్టుబట్టిన వారికి అప్పుడూ ఇదే చెప్పాను.

ఇక ఆ ఎం45ను మాకు పంపిన సరఫరాదారు సంగతి. రీకండిషన్ చేసి, కొత్త బేరింగులూ కొత్త సీళ్ళూ వేసి పంపుతామని చెప్పి, మొత్తం సొమ్ము ముందే తీసుకున్న చెన్నై వ్యాపారి ఆయన. పెట్టె తెరిస్తే వెండి రంగు తళతళలాడింది. పుల్లీని చేత్తో తిప్పగానే రోటర్లు ఒకచోట గరగరమని పట్టేశాయి. అవి ఒకదానికొకటి గానీ గోడకు గానీ తగలకుండా వెంట్రుకవాసి ఎడంతో తిరగవలసినవి. ఆ ఎడం బిగువుగా ఉండడానికి వేసిన పూత పెచ్చులుగా లేచి ఉంది. కప్లర్ (పుల్లీని రోటర్లతో కలిపే ముక్క) రంధ్రాలు సాగిపోయాయి, గేర్ల దగ్గరి నూనె తారులా దిగింది. దానికి అందిన కొత్తదనమల్లా పైనున్న రంగే. ఊడిన పెచ్చు సిలిండర్‌లోకి పోతే ఇంజనే పోతుంది కనుక దానిని బిగించలేదు.

ఫోటోలు పంపితే, బిగించడంలో లోపమనీ, నెల్లూరులో ఇటువంటి పని తెలిసినవారు లేరనీ జవాబు వచ్చింది. అప్పటికి బ్రాకెట్టు కూడా తయారు కాలేదు. బిగించని వస్తువును తప్పుగా ఎలా బిగించామో ఆయనే సెలవివ్వాలి. ఈ జిల్లా లారీలను మా నాన్నగారి కాలం నుండి విప్పి బిగిస్తున్న షెడ్డు మాది. ఆ సొమ్ము తిరిగి రాకపోయినా నష్టం మాదే, మీ అడ్వాన్సుకు దానితో సంబంధం లేదు. ఇకపై కవరు విప్పి, రోటర్లను నా చేత్తో తిప్పి చూసిన తరువాతే ఏ యూనిట్‌కైనా డబ్బు కడతాను. దానివల్ల ఆలస్యం ఇంకా పెరుగుతుందని తెలిసే ఈ మాట అంటున్నాను.

అడ్వాన్సు వెనక్కి కావలసినవారికి అడిగిన రోజే ఇస్తాము. ఉండదలచినవారి బండ్లకు ఈలోగా ముందు చక్రాల డిస్క్ బ్రేకులు, రేడియేటర్, వైరింగ్ పూర్తవుతాయి. ఇంజన్ మార్పుకు మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం రవాణా శాఖ అనుమతి ముందుగా తీసుకోవాలి. ఆ కాగితం చూపనిదే పాత ఇంజన్ దించము. టర్బో (బెల్టుకు బదులు ఇంజన్ పొగతో తిరిగే పరికరం) పెట్టమని అడుగుతున్నవారికి జవాబు మారలేదు, పెట్టము. ఆ ఎం45ను విప్పి బల్ల మీదే ఉంచాను. అనుమానం ఉన్నవారు ఆదివారం తప్ప ఏ రోజైనా వచ్చి చేత్తో తిప్పి చూడవచ్చు.