టెక్సస్ చరిత్ర యాత్ర: జమా ఖర్చుల వివరణ

అందరికీ నమస్కారం. మార్చి 2 టెక్సస్ స్వాతంత్ర్య దినం. దానికి దగ్గరపడిన శనివారం నాడు మన పిల్లల్ని, ఇక్కడికి వచ్చి ఉన్న పెద్దల్ని ఆస్టిన్‌లోని రెండు పాత సిమెట్రీలకు తీసుకెళ్ళాం. అందుకోసం మీరిచ్చిన డబ్బుకి లెక్క ఇది.

జమ: 42 కుటుంబాలు, కుటుంబానికి 30 డాలర్ల చొప్పున 1,260. విడిగా ఐదుగురు ఇచ్చింది 275. కూతురింటికి వచ్చి ఉన్న ఒక మామ్మగారు బయల్దేరేముందు "పసిపిల్లల్ని శ్మశానానికి తీసుకెళ్ళడమేమిటర్రా" అని కోప్పడ్డారు. తిరిగొచ్చి తలస్నానం చేశాక ఆవిడే కవర్లో పెట్టి నూట పదహార్లు పంపారు. అది 116. మొత్తం 1,651 డాలర్లు.

ఖర్చులో పెద్దది బస్సు, 640. దీనికి తోడు ఇంకో 100 నష్టపోయాం. మొదట మాట్లాడుకున్న బస్సువాళ్ళు రెండు రోజుల ముందు బండి లేదన్నారు, అడ్వాన్సూ తిరిగివ్వలేదు. రద్దయితే ఏమిటన్నది కాగితం మీద రాయించుకోకపోవడం కమిటీ పొరపాటే. చందా ఇచ్చినవాళ్ళలో ఏ ఒక్కరికి అభ్యంతరం ఉన్నా ఆ వంద కమిటీ సభ్యులం తలా కొంత వేసుకుని కట్టేస్తాం.

ముందుగా స్టేట్ సిమెట్రీకి వెళ్ళాం. 1851లో ఎడ్వర్డ్ బర్ల్సన్‌ను ఖననం చేయడంతో అది మొదలైంది. టెక్సస్ విడి దేశంగా ఉన్న రోజుల్లో ఆయన ఉపాధ్యక్షుడు. మనం ఉంటున్న ఊరికి పేరిచ్చిన స్టీఫెన్ ఎఫ్. ఆస్టిన్ 1836 డిసెంబరులోనే న్యుమోనియాతో పోయినా, ఆయన అవశేషాల్ని ఇక్కడికి తెచ్చింది 1910లో. బార్బరా జోర్డన్ సమాధి దగ్గర పిల్లలు చాలాసేపు నిలబడ్డారు. 1972లో దక్షిణ రాష్ట్రాల నుంచి అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైన మొదటి నల్లజాతి మహిళ ఆమె. ఈ సిమెట్రీలో చోటు దొరికిన మొదటి నల్లజాతి వ్యక్తి కూడా ఆమే, అదీ 1996లో. బర్ల్సన్ నుంచి లెక్కేస్తే 145 ఏళ్ళు. ఈ తీసివేత ఒక ఏడో తరగతి పిల్లవాడు అక్కడికక్కడే వేళ్ళ మీద చేశాడు.

రెండోది ఓక్‌వుడ్ సిమెట్రీ. 1839 నాటిది, ఊళ్ళోకెల్లా పాతది. టెక్సస్ స్వాతంత్ర్య పోరులో అలమో కోట 1836 మార్చి 6న మెక్సికో సైన్యం చేతిలో పడిపోయినప్పుడు భర్తను పోగొట్టుకుని, చంటిబిడ్డతో బతికి బయటపడ్డ సుసానా డికిన్సన్ ఇక్కడే ఉంది. బ్రష్షులు, బకెట్లు, గ్లవ్స్ కొన్న 137.40 డాలర్లు ఇక్కడి పని కోసమే. "ఇంట్లో బ్రష్షులు లేవా?" అని ఇద్దరు ముగ్గురు అడిగారు. ఇంట్లోవి పనికిరావు. పాత రాయి మీద ఇనప తీగల బ్రష్షు పెడితే అక్షరాలు అరిగిపోతాయి, బ్లీచ్ పోస్తే రాయి లోపల్నించి గుల్లబారుతుంది. మెత్తటి బ్రష్షు, మంచినీళ్ళు, ఓపిక, అంతే. అనుమతి తీసుకుని, వాళ్ళు చూపించిన రాళ్ళనే కడిగాం. నల్లగా పాకుడు పట్టిన ఒక చిన్న రాయిని ఒక పాప కింది నుంచి పైకి రుద్దుకుంటూ వస్తే, పైన పడుకున్న గొర్రెపిల్ల బొమ్మ తేలింది. చంటిపిల్లల సమాధుల మీద అలా చెక్కేవారని చెప్పాం. ఆ పాప ఇంకేమీ అడగలేదు. బకెట్‌లో నీళ్ళన్నీ అయిపోయేదాకా దాన్ని వదల్లేదు.

పువ్వులకు 96 డాలర్లయింది. 24 కట్టలు, ఒక్కోటి నాలుగు డాలర్లు. ఇవి ఎక్కడ పెట్టారని ప్రశ్నలు వచ్చాయి కాబట్టి వివరంగా చెబుతాం. పేరున్న సమాధుల దగ్గర పెట్టినవి 8 కట్టలే. మిగతా 16, ఓక్‌వుడ్‌లో ఒకప్పుడు 'కలర్డ్ గ్రౌండ్స్' అని విడదీసి నల్లవాళ్ళను పూడ్చిన నేల మీద ఉంచాం. అక్కడ చాలా చోట్ల రాయి లేదు, పేరు లేదు. 1914లో కట్టిన ప్రార్థనా మందిరాన్ని ఆ సమాధుల మీదే కట్టేశారు. వందేళ్ళ తర్వాత మరమ్మతులు చేస్తుంటే కింద 36 మంది అవశేషాలు బయటపడ్డాయి. పేరున్నవాళ్ళకి విగ్రహాలున్నాయి. పువ్వులు వీళ్ళకే ఎక్కువ వెళ్ళాలని కమిటీ అంతా ఒక్కమాట మీద అనుకుంది. మళ్ళీ చేసినా ఇలాగే చేస్తాం.

భోజనాల ఖర్చు 84.35, అదీ అరటిపళ్ళు, మంచినీళ్ళు, విస్తళ్ళకే. పులిహోర, పెరుగన్నం ఆరు ఇళ్ళ నుంచి వచ్చాయి. వాళ్ళెవరూ పైసా తీసుకోలేదు. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ వేసిన పటం, నోట్సు ప్రింటుకు 58.25. సిమెట్రీల బాగోగులు చూసే స్వచ్ఛంద సంస్థకు 300 డాలర్ల విరాళం ఇచ్చాం, రసీదు ఉంది.

మొత్తం ఖర్చు 1,416. చేతిలో మిగిలింది 235 డాలర్లు.

ఈ మిగులు గురించి ఒక ప్రతిపాదన. టెక్సస్‌లోనే పుట్టి గవర్నరైన మొదటివాడు జేమ్స్ హాగ్ కూడా ఓక్‌వుడ్‌లోనే ఉన్నాడు. 1906 మార్చి 3న పోయాడు. నాకు రాతి గుర్తు వద్దు, తలవైపు పీకన్ (అక్రోటులాంటి కాయలు కాసేది) చెట్టు, కాళ్ళవైపు వాల్‌నట్ చెట్టు నాటండి, అవి కాసిన కాయల్ని మామూలు జనానికి పంచితే వాళ్ళు నాటుకుంటారు అని చెప్పి పోయాడు. 1919లో పీకన్ రాష్ట్ర వృక్షమైంది. మిగిలిన డబ్బుతో పీకన్ మొక్కలు కొని, పెరట్లో చోటున్న ఇళ్ళకు ఇద్దామని అనుకుంటున్నాం. ఆ చెట్టుకు చాలా స్థలం కావాలి, అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్ళు పేరు ఇవ్వకండి. ఇది వద్దు, వచ్చే ఏటికి నిల్వ ఉంచండి అనేవాళ్ళు ఈ నెలాఖరులోగా చెప్పండి.

బిల్లులన్నీ కోశాధికారి దగ్గర ఫైలులో ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. బస్సులో ఒక చిన్న నీలం స్వెట్టరు, ఒక స్టీలు గిన్నె మిగిలిపోయాయి. అవీ అక్కడే ఉన్నాయి.