మూడో నోటుబుక్కు ఎక్కడుంది, మంత్రిగారూ?

గౌరవనీయులైన మంత్రిగారికి,

చెన్నై పెరంబూరు నుంచి ఒక రిటైరైన విలేకరి నమస్కారాలు.

మీకు ఇది తొమ్మిదో ఉత్తరం. మొదటి ఎనిమిదీ రిజిస్టర్ పోస్టులో పంపాను. ఎనిమిదింటికీ అక్నాలెడ్జ్‌మెంట్ కార్డులు వచ్చాయి, మీ పేషీ ముద్రతో సహా. జవాబే రాలేదు. పోస్టు వాళ్లు వాళ్ల పని చేశారు, వాళ్లననడానికి లేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను. తప్పయితే మన్నించండి. మన్నించకపోయినా 86 ఏళ్లవాణ్ణి, కొత్తగా నాకు చెడేదేమీ లేదు.

పుస్తకాల అచ్చుకు మీ శాఖ ఇచ్చే సాయం గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. దాని కోసమే నాలుగేళ్ల కిందట నా జ్ఞాపకాలు రాసిన ఏడు నోటుబుక్కులు పంపాను. "ఒరిజినల్స్ కావాలి, చూసి పంపేస్తాం" అన్నారు కాబట్టి ఒరిజినల్సే ఇచ్చాను. జిరాక్స్ తీయించమని మా అమ్మాయి పోరింది. గవర్నమెంటు ఆఫీసులో కాయితాలు ఎక్కడికి పోతాయే అన్నాను. జీవితమంతా ఆ ఆఫీసుల చుట్టూ తిరిగి వార్తలు రాసినవాడు అనాల్సిన మాట కాదది.

మొదటి కొర్రీ అడ్రసు మీద. దరఖాస్తుదారుడు మన రాష్ట్రంవాడు కాదు, తమిళనాడు ప్రభుత్వాన్ని అడుక్కోవాలట. సరే, అడిగాను. ఇక్కడి ఆఫీసులో ఒకాయన ఎంతో మర్యాదగా కూర్చోబెట్టి, టీ ఇప్పించి, తెలుగు పుస్తకమైతే మీ ఊరి గవర్నమెంటే కదా సార్ ఇవ్వాలి అన్నాడు. నా ఊరు ఏదో తేలక ఆర్నెల్లు గడిచాయి. మంత్రిగారూ, ఇక్కడ రాయపేట హైరోడ్డులో ఒక ఇల్లుంది. పొట్టి శ్రీరాములుగారు 58 రోజులు నిరాహారంగా ఉండి, 1952 డిసెంబరు 15న ప్రాణం వదిలింది అక్కడే. అదీ చెన్నై అడ్రసే. ఆయన్ని ఎవరూ నివాస ధ్రువీకరణ పత్రం అడగలేదు కాబట్టి సరిపోయింది.

రెండో కొర్రీ ఇంకా బాగుంది. నేను యుద్ధ వార్తలు రాసినట్టు పనిచేసిన సంస్థ నుంచి సర్టిఫికెట్ తేవాలి. మా పత్రిక మూతబడి ముప్పై ఏళ్లు దాటింది. ఎడిటరు పోయారు, మేనేజరు పోయారు, టెలిప్రింటర్ దగ్గర రాత్రి డ్యూటీ చేసినవాళ్లూ పోయారు. మిగిలింది నేనొక్కణ్ణే. నా సంతకం చెల్లదన్నారు. 1971 యుద్ధంలో ఢాకాలో లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టిన పాకిస్తాన్ జనరల్ నియాజీని అడుగుదామంటే ఆయనా 2004లో పోయారు.

ఇదంతా నేను భరించాను. అసలు బాధ ఇది కాదు.

పోయిన ఏడాది ఫైలు తిప్పి పంపారు. అట్టపెట్టెలో ఆరు నోటుబుక్కులు ఉన్నాయి. మూడోది లేదు. కవరింగ్ లెటర్లో మాత్రం "ఏడు (7) నోటుబుక్కులు జతపరచడమైనది" అని ఉంది. ఫోన్ చేస్తే, "మీరు పంపిందే ఆరేమో, ఓసారి ఇంట్లో చూసుకోండి" అన్నారు. ఒకటి, రెండు, నాలుగు అని నంబర్లు వేసే అలవాటు నాకు లేదండీ.

మూడోది 1971 డిసెంబరు, విశాఖపట్నం. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగిన సంగతి. అది మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ల వైపు వెళ్లిపోయింది. 3వ తేదీ అర్ధరాత్రి దాటాక సముద్రంలో పేలుడు వినిపించింది. మన యుద్ధనౌక రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలకు, అంటే నీళ్లలో పేలే బాంబులకు, పోయిందా, దాని కడుపులోనే ఏదో పేలిందా అన్న వాదన ఇవాళ్టికీ తెగలేదు. ఇంతవరకూ ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. నేను రాసుకున్నది వేరు. నేవీ ఆ సంగతి బయటపెట్టింది 9వ తేదీన. ఆలోగా జాలరిపేటలో అందరికీ తెలుసు. వలలో పడ్డ లైఫ్ జాకెట్ గురించి ఒక ముసలావిడ నాతో, "మావోడు తెచ్చినాడు బాబూ, దాంతో ఏటి సేసుకుంటాం?" అంది. ఊరంతా బ్లాకౌట్. కిటికీలకు నల్ల కాగితాలు. ఆ చీకట్లో వాల్తేరు స్టేషన్ దాకా నడిచి, మద్రాసు మెయిలు గార్డు చేతిలో కవరు పెట్టి కూడా, అందులో ఆ ఒక్క ముక్క రాయలేదు నేను. నేవీ చెప్పేదాకా రాయకూడదు. తెలిసిన వార్తను కడుపులో పెట్టుకుని తిరిగిన ఆ రోజుల గురించే నలభై పేజీలు రాశాను. ఒప్పో తప్పో నాకిప్పటికీ తేలలేదు.

నవ్వుకునేవీ ఉన్నాయి అందులో. అప్పట్లో తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసి టెలిగ్రాం ఇచ్చేవాళ్లం. "జాలర్లకు పడవలు లేవు" అని నేనిస్తే, ఒక్క అక్షరం మారి మద్రాసు డెస్కులో "జాలర్లకు పదవులు లేవు" అయింది. అదీ నిజమేలెండి.

మిగతా ఆరూ నా దగ్గరే ఉన్నాయి. కలకత్తా సాల్ట్ లేక్‌లో పెద్ద పెద్ద సిమెంటు గొట్టాల్లో కాపురాలు పెట్టుకున్న తూర్పు పాకిస్తాన్ శరణార్థులు, 1990 మార్చిలో శ్రీలంక నుంచి మన శాంతి సేన చివరి దళాలు మద్రాసు హార్బర్లో దిగడం, వాళ్లకు స్వాగతం చెప్పడానికి ముఖ్యమంత్రి రాకపోవడం, అన్నీ భద్రంగా ఉన్నాయి. ఏడో దాన్లో ఆనాటి పెద్దలు: 1960లో బెజవాడలో ఆంధ్రజ్యోతి తొలి సంపాదకుడైన నార్ల, వడపళనిలో చందమామను దిద్దిన కొడవటిగంటి కుటుంబరావు, ఢిల్లీలో హిందూ పత్రికకు రాసిన జి.కె. రెడ్డి. భజన చేయలేదు, కోపం వచ్చినచోట కోపంగానే రాశాను. కానీ రెండు తర్వాత నాలుగు వచ్చే పుస్తకం ఎవరు వేస్తారు?

మళ్లీ రాసుకోమన్నారు మీ సెక్షన్‌లో ఒకాయన. రాయొచ్చు. చెయ్యి వణుకుతుంది, అది పెద్ద విషయం కాదు. ఆ మూడో దాన్లో అంచుల వెంట పెన్సిల్‌తో తేదీలు దిద్దింది మా ఆవిడ. "మీరు ఊళ్లో లేని రోజులు మీకంటే నాకే బాగా గుర్తు" అనేది. ఆ దిద్దుబాట్లు నేను మళ్లీ రాయలేను. ఆవిడ లేదు.

అయ్యా, డబ్బు వద్దు. గ్రాంటు వద్దు, సర్టిఫికెట్ గొడవ వద్దు, దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నాను. ఆ నోటుబుక్కు ఒక్కటీ వెతికించండి. రెండు వందల పేజీల లాంగ్ నోటుబుక్కు. శివపార్వతుల కేలండర్ కాగితంతో అట్ట వేసి ఉంటుంది, పార్వతమ్మ ముఖం దగ్గర కాఫీ మరక. లోపల మొదటి పేజీకి టెలిగ్రాం రసీదు అంటించి ఉంటుంది. బీరువాల్లో లేకపోతే ర్యాకుల కాళ్ల కింద చూడమనండి. మీ ఆఫీసుకు నేను వచ్చిన రోజున రెండు ర్యాకులు ఊగకుండా పుస్తకాలే పెట్టి ఉన్నాయి.

దొరికితే స్పీడ్ పోస్టు ఖర్చు నేనే పెట్టుకుంటాను. కవరింగ్ లెటర్ అక్కర్లేదు.

ఇట్లు,
ఏడింటికి ఆరు అందుకున్న విలేకరి,
పెరంబూరు, చెన్నై