తన హార్ప్ నాకిచ్చిన ఆవిడకి

రాత్రి కచేరీ అయిపోయింది. వేళ్లు ఇంకా మండుతున్నాయి, నిద్ర మాత్రం రావట్లేదు. ఈ నాలుగు మాటలు రాస్తే గానీ మనసు ఊరుకునేలా లేదు.

సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది. హార్ప్‌కీ ఆర్కెస్ట్రాకీ కలిపి నేను రాసిన సంగీతం, కన్చెర్టో అంటారు, మొదటిసారి వాయించాల్సిన వారంలోనే నా హార్ప్ కార్గోలో దెబ్బతింది. పెట్టె తెరిస్తే మెడ దగ్గర, అంటే తీగలు బిగించే పైభాగంలో, చెక్క చీలి ఉంది. 47 తీగలు కలిసి లాగే బలం దాదాపు టన్ను. చీలిన మెడ దాన్ని ఆపలేదు. తీగలన్నీ వదులు చేసి అక్కడే కూలబడిపోయాను.

అప్పుడు ఫోన్ చేశారు ఆవిడ. పేరు రాయొద్దన్నారు, రాయను. కచేరీ జరిగే ఊళ్లోనే పిల్లలకి హార్ప్ నేర్పుతారు. అంతకుముందు నేనెవరో ఆవిడకి తెలియదు. "నాది తీసుకెళ్లమ్మా, పిల్లల క్లాసులు వాయిదా వేశాను" అన్నారు. ఈ వాద్యం వాయించేవాళ్లు తమ హార్ప్‌ని పక్క గదిలోకి జరపాలన్నా ఇంకొకరి చేతికి వదలరు. అలాంటిది, మొత్తంగా ఇచ్చేశారు.

హార్ప్‌తో పాటు ఒక చీటీ కూడా వచ్చింది. బి స్వరాన్ని మార్చే పెడల్ గట్టిగా తొక్కితే గానీ గాడిలో కూర్చోదట. కింది వైరు తీగల్లో ఒకటి పాతబడిందట, కొత్తది కవర్లో పెట్టారట. డి, సి, బి పెడళ్లు మూడూ ఎడమ కాలికే. నా మూడో భాగంలో ఆ కాలికి క్షణం తీరిక ఉండదు. చీటీ లేకపోతే ఆ సంగతి స్టేజి మీదే తెలిసేది.

ఇక రిహార్సల్. రెండో భాగంలో సౌండ్‌బోర్డ్ మీద, అంటే తీగల కింది చెక్క పలక మీద, వేళ్లతో కొట్టే చోటు ఒకటి ఉంది. కొత్త ప్రయోగమేం కాదు, హార్ప్ వాద్యకారుడు కార్లోస్ సాల్జెడో 1921లోనే ఇలాంటి శబ్దాలకి గుర్తులు ఏర్పరిచాడు. కానీ వేరేవాళ్ల హార్ప్ కదా, నా చెయ్యి రాలేదు. మెల్లగా తాకి వదిలేస్తున్నాను. వెనక వరసలో కూర్చున్న ఆవిడ లేచి స్టేజి దాకా వచ్చారు. "నువ్వు రాసింది అది కాదు. రాసినట్టే కొట్టు. అది నాదని మరిచిపో" అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు. ఆర్కెస్ట్రా అంతా ఎదురుచూస్తూ కూర్చుంది.

హార్ప్ వాళ్లం మా సంగీతం మేమే రాసుకోవడం పాత సంగతే. పారిష్ ఆల్వార్స్ రాసుకున్నాడు. అన్రియెట్ రెనియే 1901లో తన కన్చెర్టో తానే వాయించింది. ఇన్నేళ్లు వాయిస్తూ, రాస్తూ వచ్చాను గానీ, నేను కాగితం మీద పెట్టినదాని కోసం తన వాద్యాన్ని కొట్టమన్న మనిషిని ఇప్పుడే చూశాను.

కార్గో వాళ్ల సంగతి చెప్పక తప్పదు. నలభై కిలోల దాకా బరువుండే వాద్యాన్ని సూట్‌కేస్‌లా విసిరేస్తారు. తర్వాత ఫారాలు నింపమంటారు, ఎప్పుడో కొన్న రసీదు అడుగుతారు, చివరికి ప్యాకింగ్ సరిగ్గా లేదని మెయిల్ పెడతారు. అదే పెట్టెలో ఏళ్ల తరబడి తిరిగింది నా హార్ప్! పియానో వాళ్లకి హాల్లోనే పియానో ఉంటుంది. మాకు రవాణా ఖర్చూ మాదే, నష్టమూ మాదే. కచేరీలు పెట్టేవాళ్లు ఒక్కసారైనా దీని గురించి ఆలోచించాలి.

మా ఆయన, అమ్మ, తమ్ముడు పక్కనే ఉన్నారు, ఎప్పటిలాగే. వాళ్లకి థాంక్స్ చెబితే తిడతారు.

రిహార్సల్ వరస మార్చి నాకు టైమిచ్చిన కండక్టర్‌గారికి, లిఫ్ట్ లేని హాల్లో మెట్ల మీదుగా హార్ప్ మోసిన స్టేజి కుర్రాళ్లకి దండాలు.

అయ్యో, స్టేజి మీద ఏసీ గాలి నేరుగా గట్ (పేగుతో చేసిన) తీగల మీద పడుతోందని చెప్పగానే నిచ్చెన వేసుకుని దాన్ని మూసిన ఎలక్ట్రీషియన్ అన్నని మరిచిపోయాను. ఆయన ఎక్కకపోతే మొదటి భాగం అయ్యేలోపే శ్రుతి పోయేది. పార్టుల్లో, అంటే ఒక్కో వాద్యానికి విడిగా ఇచ్చే కాగితాల్లో, తప్పు దొరికితే రాత్రికి రాత్రే మళ్లీ ప్రింట్ తీసిచ్చిన లైబ్రేరియన్‌గారూ, మీకు కూడా. ఆ రెండో వయొలిన్ పేజీలు మీరు చూడకపోతే ఏమయ్యేదో!