తాళపత్రాన్ని కత్తిరించే స్కీమా మనకొద్దు

సంపాదకులకు నమస్కారం.

పాత తెలుగు తాళపత్రాలు, శాసనాలు, కైఫీయతులు (ఊళ్ల చరిత్ర రాసిన పాత రికార్డులు) కంప్యూటర్‌కెక్కించడానికి ఒక కొత్త స్కీమా భాష తేవాలని ముసాయిదా తయారైంది. అభిప్రాయం చెప్పమని మాలాంటి వాళ్లకూ పంపారు. తిరుపతిలో పన్నెండేళ్లుగా తాళపత్రాలు చదివి, టైప్ చేసి, ఏ భాగం ఏమిటో కంప్యూటర్‌కు తెలిపే ఎక్స్ఎంఎల్ ట్యాగులు (గుర్తులు) పెట్టడం నా పని. ముసాయిదా రెండుసార్లు చదివాను. ఇది ఇలాగే ఖాయమైతే దెబ్బతినేది మన పత్రాలే.

స్కీమా అంటే, కీర్తనకు పల్లవి తప్పనిసరి, పద్యం తర్వాతే టీక అంటూ కంప్యూటర్‌కు ముందే చెప్పిపెట్టే నియమాలు. నియమానికి తేడా వస్తే ఫైలు తిరిగొస్తుంది. ఆ నియమాలు రాసే భాషలోనే లోపముంటే, ఉన్నదున్నట్టు టైప్ చేసిన పత్రం కూడా తప్పుల లెక్కలోకి పోతుంది.

అక్షరాల సంగతే చూడండి. 'శ్రీకాళహస్తి'లో ఎన్ని అక్షరాలని బడిపిల్లల్ని అడిగితే ఐదంటారు. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్‌లో సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో గుణింతపు గుర్తులు, పొల్లు విడివిడిగా లెక్కకొస్తాయి కాబట్టి పన్నెండు. వాటిని ఫైల్లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో, బైట్ల లెక్కన 36. ముసాయిదా 'గరిష్ఠంగా ఇన్ని అక్షరాలు' అని ఊరుకుందే గానీ ఈ మూడింటిలో ఏ లెక్కో చెప్పలేదు. వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ సంస్థ 2001లో ఖాయం చేసిన స్కీమా భాష, ఎక్స్ఎంఎల్ స్కీమా, ఈ మాట స్పష్టంగా రాసుకుంది, అక్కడ యూనికోడ్ లెక్కే. ఇంతకుముందు నేను పనిచేసిన ఒకచోట ఊరి పేరుకు పది అక్షరాలు చాలనుకున్నారు. తిరుపతి ఎక్కింది, చిత్తూరు ఎక్కింది, శ్రీకాళహస్తి దగ్గర ఎర్రర్ వచ్చింది. సాయంత్రానికి పని అప్పగించాలన్న టెన్షన్‌లో నా పక్కన కూర్చునే అమ్మాయి 'శ్రీ' తీసేసి 'కాళహస్తి' అని కొట్టింది. తర్వాత పూర్తి పేరుతో వెతికిన వాళ్లకు ఆ పత్రాలు దొరకలేదు. ఆ అమ్మాయిని తప్పుపట్టలేం.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది మరొకటి. ఈ భాషలో ఒక ట్యాగు లోపల రాతైనా ఉండాలి, వేరే ట్యాగులైనా ఉండాలి, రెండూ కలిసి ఉండకూడదట. బిల్లులకూ దరఖాస్తులకూ అది సరిపోతుంది. తాళపత్రం అలా ఉండదు. పోయిన వారం నా బల్ల మీదికొచ్చిన ఆకులో ఒక కందపద్యం, మూడో పాదం నడుమ పురుగు తొలిచిన చిల్లు. గణాలు లెక్కేస్తే నాలుగు మాత్రలు పోయాయని తేలింది. చిల్లు అంచున ఒక అక్షరానికి తలకట్టు మాత్రం మిగిలింది. ఆ పాదంలోనే, పదాల మధ్యనే, ఇక్కడ ఇంత పోయింది, ఈ అక్షరం అస్పష్టం, ఇది నేను ఊహించి పూరించింది అని గుర్తు పెట్టాలి. ప్రపంచమంతా పాత ప్రతులకు వాడే టీఈఐ పద్ధతిలో ఈ మూడింటికీ వేర్వేరు ట్యాగులున్నాయి. కొత్త భాషలో వాటిని పాదం మధ్యలో పెట్టే దారే లేదు. అప్పుడు టైప్ చేసేవాళ్లు ఏం చేస్తారు? ఊహించిన అక్షరాలను అసలు వాటిలో కలిపేస్తారు. రేపు చదివేవాళ్లకు కవి మాటేదో, టైపిస్టు మాటేదో తెలియదు.

తేదీలదీ ఇదే గొడవ. ఇంగ్లిషు తేదీ తప్ప మరొకటి ఒప్పుకోదు, మన రకం తేదీని మనం చేర్చుకునే వీలూ లేదు. తాళపత్ర ప్రతి చివర 'రుధిరోద్గారి సంవత్సర శ్రావణ శుద్ధ పంచమి' అని మాత్రమే ఉంటే అది 1863 కావచ్చు, 1923 కావచ్చు. తేల్చాల్సింది పరిశోధకులు. గడి నింపడం కోసం మేం ఏదో ఒకటి వేసేస్తే అదే చరిత్రగా స్థిరపడుతుంది.

మరో లోపం ఎక్స్ఎంఎల్ స్కీమా నుంచే తెచ్చుకున్నారు. ఒకే వరుసలో ఒకే పేరున్న ట్యాగుకు రెండు రకాల నియమాలు కుదరవు. అన్నమయ్య కీర్తనల్లో వేంకటేశ ముద్ర (కవి సంతకంలా వచ్చే పేరు) మామూలుగా చివరి చరణంలో వస్తుంది. 'ఎన్ని చరణాలైనా ఉండొచ్చు, ఆఖరి దానిలోనే ముద్ర' అన్న మాట ఈ భాషలో రాయలేం. జేమ్స్ క్లార్క్, మురాటా మకోటో రూపొందించిన మరో స్కీమా భాష రిలాక్స్ ఎన్‌జీలో ఇది రెండు వరుసల పని. రాతా ట్యాగులూ కలిసి ఉన్నా దానికి ఇబ్బంది లేదు. 2003లోనే ఐఎస్ఓ అంతర్జాతీయ ప్రమాణమైంది, ఉచిత పనిముట్లున్నాయి. అది చేతిలో ఉండగా కొత్తది ఎందుకు కావాలో ముసాయిదాలో ఒక్క వాక్యం కూడా లేదు.

ట్యాగుల పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లోనే ఉండాలనడమూ అర్థం కాలేదు. 'పద్యం', 'టీక' అని తెలుగులోనే ట్యాగులు రాసుకునే వీలు 1998లో వచ్చిన మొదటి ఎక్స్ఎంఎల్‌లోనే ఉంది.

దయచేసి ఈ ముసాయిదాను ఇప్పుడే ఖాయం చేయకండి. ముందు ఒక యాభై ఆకులు తీయండి, చిల్లులున్నవి, అంచులు విరిగినవి, తేదీ సగమే ఉన్నవి. వాటిని ఈ భాషలోనూ, రిలాక్స్ ఎన్‌జీలోనూ పెట్టి చూసి, వచ్చిన ఫలితం అందరికీ చూపించండి. ఆ ఆకులు చదివి టైప్ చేసి ఇవ్వడానికి నేనూ, నాతో పనిచేసే వాళ్లూ సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
తాళపత్రాలపై పనిచేసే ఒక పాఠకుడు,
తిరుపతి