2024–25 వార్షిక నివేదిక: జబ్బు సెలవు, జీతం సంగతులు

సభ్యులందరికీ నమస్కారం.

సన్మానాలు, ఫ్లెక్సీల ఖర్చు తగ్గించి, జబ్బుతో మంచాన పడ్డవాళ్ల జీతం సంగతి చూద్దామని పోయినసారి సర్వసభ్య సమావేశంలో అనుకున్నాం. చూశాం. అనుకున్నంత తేలిక కాదని తెలిసింది.

హైదరాబాద్ జీడిమెట్ల పారిశ్రామికవాడ షెడ్లలో పనిచేసే మనవాళ్లలో చాలామందికి ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కార్డుంది. జీతంలో 0.75 శాతం మనకు కటింగ్, యజమాని కట్టేది 3.25 శాతం. అయినా కార్డంటే మందుబిళ్లలకే అనుకుంటాం. జబ్బుపడ్డ రోజులకు సగటు కూలిలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా వస్తుంది. మొదటి రెండు రోజులకు మాత్రం రాదు. టీబీ, క్యాన్సర్ లాంటి 34 దీర్ఘ రోగాలకు, రెండేళ్ల సర్వీసు ఉంటే, 80 శాతం చొప్పున ఇంకా ఎక్కువ కాలం ఇస్తారు.

ఆగస్టులో మన సభ్యుడొకాయనకు కామెర్లు వచ్చాయి. లేత్ మిషన్ మీద పని, రోజుకు 600. ఇరవై రోజులు ఇంట్లోనే. ఈఎస్‌ఐ డిస్పెన్సరీలో మొదటి రోజే జబ్బు సర్టిఫికెట్ రాయించుకున్నాడు, అంతవరకు బాగానే ఉంది. రెండు రోజులు పోను పద్దెనిమిది రోజులకు, రోజుకు 420 చొప్పున 7,560 రావాలి. రాలేదు. జులై–డిసెంబరు మధ్య జబ్బుపడితే, అంతకుముందు అక్టోబరు–మార్చిలో 78 రోజుల చందా (జీతంలో ఆ కటింగ్) పడి ఉండాలి. ఆయన ఆరు నెలలూ పనిచేశాడు. కానీ జనవరిలో కాంట్రాక్టరు మారాడు, కొత్తాయన పాత ఈఎస్‌ఐ నంబరు అడక్కుండానే కొత్త నంబరు తీశాడు. పాతదాంట్లో 70 రోజులు, కొత్తదాంట్లో 72. విడివిడిగా రెండూ తక్కువే! రెండు నంబర్లూ కలిపించడానికి మన కార్యదర్శి నాలుగుసార్లు తిరిగారు, మూడుసార్లు సొంత ఆటో ఖర్చులతో. డబ్బు సంక్రాంతికి పడింది. అప్పటికి ఆయన భార్య చెవి కమ్మలు కుదువలో ఉన్నాయి.

అందుకే కాంట్రాక్టరు మారితే పాత నంబరే ఇవ్వండి. బయట ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకుని వారం తర్వాత డిస్పెన్సరీకి వెళ్లకండి. గడిచిపోయిన రోజులకు సర్టిఫికెట్ రాయించడం మా వల్ల కాలేదు.

ఇంకో చిక్కు: ఈఎస్‌ఐకి ఉన్న 21,000 నెల జీతం పరిమితి 2017 నుంచి మారలేదు. ఒక సభ్యుడికి జీతం 21,500 అయింది, మిఠాయిలు పంచాడు. చందా గడువు పూర్తయ్యాక కార్డు ఆగిపోతుందని తెలిసి మొహం వేలాడేశాడు. ఓవర్‌టైమ్ డబ్బు ఈ పరిమితి లెక్కలోకి రాదు, అది కాస్త నయం.

ఇళ్లలో పనిచేసే అక్కలకు, హమాలీలకు ఇవేవీ లేవు. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది, కానీ అది ఆస్పత్రి ఖర్చుకే. పోయిన కూలి ఎవరిస్తారు? వాళ్ల కోసమే వడ్డీ లేని చేబదులు నిధి పెట్టాం. తీసుకున్న అక్కలందరూ తిరిగి కట్టేశారు. బకాయి ఉన్నది కార్డున్న అన్నలే. వాళ్ల పేర్లు ఈసారికి చదవడం లేదు.